గోల్‌కీపర్ అవుతానంటున్న అబ్బాయి: ఆడని ఏళ్లకూ లెక్క వేసుకోండి

ప్రశ్న: మావాడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఆరేళ్లుగా ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, జిల్లా జట్టుకు గోల్‌కీపర్. బాగా ఆడతాడనే కోచ్‌లు అంటున్నారు. మొన్న అంతర్ జిల్లా పోటీల సెమీఫైనల్లో బంతి వాడి కాళ్ల మధ్య నుంచి దూరి గోల్ పడింది, జట్టు ఓడిపోయింది. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు లేచి, కాలేజీ మానేసి వేరే రాష్ట్రంలో అకాడమీలో చేరతానన్నాడు. నేను టైలర్‌ని. గోల్‌కీపర్‌గా బతుకు నిలబడుతుందా? వద్దని చెప్పేయమంటారా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: వద్దని చెప్పకండి. కాలేజీ మానేయడానికి మాత్రం ఒప్పుకోకండి.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన మాట ‘మూడో రోజు’. రెండు రోజులు కుమిలిపోయిన పిల్లాడు మూడో రోజు మళ్లీ ఆట మాటే ఎత్తాడంటే, కీపర్‌కు కావలసిన గుణం ఒకటి అతనిలో ఉంది. ఫార్వర్డ్ నాలుగు ఛాన్సులు పోగొట్టి ఐదోది గోల్ కొడితే హీరో. కీపర్ తొమ్మిది ఆపి పదోది వదిలితే అందరూ ఆ పదోదాని గురించే మాట్లాడతారు. జిల్లా జట్టులోనూ అంతే, దేశంలోని పెద్ద క్లబ్బుల లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లోనూ అంతే.

లక్ష్మీకాంత్ కట్టిమణి సంగతి మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది, మీరూ తెలుసుకోండి. గోవా ఆటగాడు. 2015 డిసెంబర్ 20న ఫతోర్డా స్టేడియంలో ఐఎస్ఎల్ ఫైనల్. సొంత జనం ముందు ఎఫ్‌సీ గోవాకు కీపింగ్ చేస్తున్నాడు. ఆ మ్యాచ్‌లో ఒక పెనాల్టీ కూడా ఆపాడు. 87వ నిమిషంలో గోవా 2-1తో ముందుకెళ్లింది. కప్పు చేతికి అందినట్టే. 90వ నిమిషంలో బంతి కట్టిమణి నుంచే సొంత గోల్‌లోకి పోయింది. ఇంజురీ టైమ్‌లో ఎదుటి జట్టు చెన్నయిన్ ఎఫ్‌సీ మూడో గోల్ కొట్టింది. 3-2, కప్పు చెన్నైకి పోయింది.

ఆరేళ్లు దాటాక, 2022 మార్చి 20న, అదే ఫతోర్డాలో మళ్లీ ఫైనల్. ఈసారి ఒంటి మీద హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, పెనాల్టీ షూటవుట్‌కు వెళ్లింది. లెస్కోవిచ్ కొట్టింది ఆపాడు. నిషు కుమార్ కొట్టింది ఆపాడు. గీత వదిలి ముందుకొచ్చాడని రెఫరీ మళ్లీ కొట్టించాడు, దాన్నీ ఆపాడు. జీక్సన్ సింగ్‌దీ ఆపాడు. 3-1తో హైదరాబాద్‌కు తొలి ఐఎస్ఎల్ టైటిల్ వచ్చింది. అప్పటికి కట్టిమణికి 32 ఏళ్లు.

ఆ మళ్లీ కొట్టించిన పెనాల్టీని మీరిద్దరూ కూర్చుని వీడియోలో చూడండి. కష్టపడి ఆపింది చెల్లదన్నాక ఎవరికైనా మనసు చెదురుతుంది. అయినా తిరిగి గీత మీదికి వెళ్లి నిలబడాల్సిందే. నాకు ఆ ఫైనల్ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

అయితే ఆ రెండు ఫైనల్స్‌కు మధ్య ఆరేళ్లు ఉన్నాయి. మనం ప్లాన్ వేసుకోవలసింది అలాంటి ఏళ్ల కోసం.

జట్టులో కీపర్ చోటు ఒక్కటే. మిడ్‌ఫీల్డర్‌ను చివరి అరగంటకు దింపొచ్చు, వింగ్‌కు మార్చి ఆడించొచ్చు. కీపర్ విషయంలో అది కుదరదు. మొదటివాడికి దెబ్బ తగిలితేనో, ఫామ్ పోతేనో తప్ప రెండోవాడికి పిలుపు రాదు. క్లబ్బులో మామూలుగా ముగ్గురు కీపర్లుంటారు. వారమంతా ముగ్గురూ ఒకేలా ఒళ్లు హూనం చేసుకుంటారు, మ్యాచ్ రోజున ఒక్కడే ఆడతాడు. 2022 ప్రపంచకప్‌లో ఉత్తమ కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లవ్ అందుకున్న అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్టినెజ్‌నే తీసుకోండి. 2010లో 17 ఏళ్లప్పుడు ఆర్సెనల్‌కు వచ్చాడు. పదేళ్లలో ఆరు క్లబ్బులకు లోన్ మీద, అంటే కొన్నాళ్లపాటు అరువుగా, వెళ్లి ఆడాడు. 2020 జూన్‌లో మొదటి కీపర్ లెనో మోకాలికి దెబ్బ తగిలాకే ఆర్సెనల్ గోల్‌లో వరుసగా ఆడే వీలు దొరికింది. అప్పటికి అతనికి 27 ఏళ్లు.

ఆ పదేళ్లూ మార్టినెజ్‌కు జీతం వచ్చింది. మన దగ్గర బెంచ్ మీద కూర్చున్నవాడికి అంత భరోసా లేదు. కప్పు గెలిచిన ఆ హైదరాబాద్ క్లబ్బే రెండేళ్లు తిరక్కుండా జీతాల బకాయిల్లో పడింది, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025 జూలైలో ఏకంగా ఆ ఏడాది మొదలు కావలసిన ఐఎస్ఎల్ సీజన్‌నే నిర్వాహకులు ఆపి ఉంచారు. కొన్నాళ్ల కిందట నా ఎదుట కూర్చున్న 24 ఏళ్ల కీపర్ ఒకరు ఫోన్ తీసి బ్యాంకు మెసేజ్‌లు చూపించాడు. పైకీ కిందికీ జరుపుతూ పోయాడు. నాలుగు నెలలుగా జీతం పడ్డ మెసేజ్ ఒక్కటి లేదు. డిగ్రీ సెకండియర్‌లో ఆపేశాడు. ఆటలో లోపం లేదు, అద్దె కట్టలేక ఆట వదిలేశాడు. మీ అబ్బాయి విషయంలో నా పట్టుదలంతా ఇలాంటి రోజు రాకూడదనే.

ఇప్పుడు వయసు లెక్క చూడండి. కీపర్ పండేది 27, 28 దాటాక. ఇటలీ కీపర్ బుఫాన్ 45 ఏళ్ల వరకు ఆడాడు. అంటే మిగతా ఆటగాళ్లు ఆపేసే వయసులో కూడా కీపర్‌కు ఆట ఉంటుంది. కానీ రైల్వే స్పోర్ట్స్ కోటాకు మామూలుగా 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి. పండకముందే ఆ తలుపు మూసుకుంటుంది. ‘ముందు క్లబ్బులో స్థిరపడి, తర్వాత ఉద్యోగం చూసుకుంటాలే’ అన్న మాట కీపర్‌కు పనికిరాదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. కోటాలో కూడా చదువును బట్టే పోస్టు. టెన్త్‌తో వచ్చే పోస్టు వేరు, ఇంటర్‌తో వచ్చేది వేరు, డిగ్రీ ఉంటే ఇంకా పై లెవెల్. దానికి తోడు జూనియర్, సీనియర్ నేషనల్స్‌లో రాష్ట్రం తరఫున ఆడిన సర్టిఫికెట్లు, అక్కడ జట్టుకు వచ్చిన స్థానం చూస్తారు. కాబట్టి వచ్చే రెండేళ్లలో అతని ముందున్న పనులు రెండే: ఇంటర్ పాసవడం, ఆంధ్రప్రదేశ్ జూనియర్ జట్టులో చోటు సంపాదించడం. రాష్ట్ర సీనియర్ జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఆ తర్వాతి మెట్టు. ఆటగాళ్లను తీసుకునే వాటిలో ఆర్మీ కూడా ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఆర్మీలో చేరి అక్కడి నుంచే ఒలింపిక్స్‌కు వెళ్లాడు, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆయన మొదట్లో ఫార్వర్డ్‌గా ఆడేవాడు.

అకాడమీ సంగతికి వస్తాను. కీపర్లకు విడిగా కోచ్ ఉన్నాడా, ఏడాదికి ఎన్ని అసలు మ్యాచ్‌లు ఆడిస్తారు, చదువు ఎలా సాగుతుంది, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట చేర్చకండి. డబ్బు కడితే ఫలానా క్లబ్బులో పెట్టిస్తామనేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోవద్దు. వయసు ఒకటి రెండేళ్లు తగ్గించి రాయిద్దామని ఎవరైనా అంటే అస్సలు ఒప్పుకోకండి, ఎముకల పరీక్షలో బయటపడితే నిషేధం పడుతుంది. ట్రయల్స్‌లో ముందు ఎత్తు చూస్తారు. 16 ఏళ్లకు ఇంకా పెరిగే వయసే కాబట్టి ఇప్పుడే టెన్షన్ వద్దు. కాళ్లతో పాస్ ఇవ్వడం మాత్రం నేర్చుకుని తీరాలి. సొంత జట్టువాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని (బ్యాక్‌పాస్) చేత్తో పట్టకూడదన్న రూల్ 1992లో వచ్చినప్పటి నుంచి కీపర్‌కు చేతులొక్కటే సరిపోవడం లేదు. మీ ఊళ్లోనే ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్పోర్ట్స్ విలేజ్ ఉంది. ఊరు దాటే ముందు అక్కడి కోచ్‌లను కలిసి అభిప్రాయం అడగండి.

ఖర్చు కూడా చెప్పాలి. మంచి గ్లవ్స్ ఖరీదు వేలల్లో ఉంటుంది, మట్టి మైదానంలో అరచేతి రబ్బరు చూస్తుండగానే ఊడిపోతుంది. ప్రాక్టీసుకు పాతవి, మ్యాచ్‌కు కొత్తవి అని విడిగా పెట్టుకోమనండి.

తల సంగతి మరిచిపోకండి. 2006లో చెల్సీ కీపర్ పీటర్ చెక్‌కు ఎదుటి ఆటగాడి మోకాలు తగిలి పుర్రె ఎముక విరిగింది. కోలుకుని మళ్లీ దిగాక, ఆట మానేదాకా తలకు రక్షణ తొడుగు పెట్టుకునే ఆడాడు. మీ అబ్బాయి తలకు దెబ్బ తగిలిన రోజు, తను బాగానే ఉన్నానన్నా సరే, మళ్లీ మైదానంలోకి పంపొద్దు. డాక్టరు చూశాకే.

ఇక ఆ సెమీఫైనల్ గోల్. మీ షాపులో కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుడతారు. కీపర్‌కు విప్పడానికి వీలుండదు, అందుకే రాత్రంతా ఆ బంతి కళ్ల ముందు తిరుగుతుంది. ‘పోనీలేరా’ అన్నా, ‘అలా ఎలా వదిలావు’ అన్నా అతనికి ఒరిగేదేమీ లేదు. నేల మీద దొర్లుతూ వచ్చే బంతికి ఒక మోకాలు కిందికి దించి, కాళ్ల మధ్య సందు మూసి, రెండు చేతులూ బంతి వెనక పెట్టాలి. అక్కడ మోకాలు దిగలేదు. సాధనతో సరిదిద్దుకోగలిగిన తప్పే ఇది. ఈ ఆదివారం పొద్దున షాపు ఆలస్యంగా తెరవండి. ఇద్దరూ మైదానానికి వెళ్లండి. మీకు ఫుట్‌బాల్ రాకపోయినా ఫర్వాలేదు, పది గజాల దూరంలో నిలబడి చేత్తోనే యాభై బంతులు గట్టిగా దొర్లించండి. ఎన్ని దూరాయో మీరు లెక్కపెట్టకండి, అతనే లెక్కపెట్టుకుంటాడు.