లినక్స్‌లో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెడితే ‘డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ -110’ అని వస్తోంది. డ్రైవర్ లేకనా? ఓఎస్ మళ్లీ ఎక్కించాలా?

డ్రైవర్ లేక కాదు. ఓఎస్ మళ్లీ ఎక్కించే పని అసలే పెట్టుకోకండి. ఆ లైను పడే సమయానికి మీరు పెట్టింది డిస్కో కీబోర్డో కూడా కెర్నల్‌కి (ఓఎస్ గుండెకాయ లాంటి భాగానికి) తెలియదు.

పోర్టులో ఏదో పెట్టారని తెలియగానే కెర్నల్ ఆ పోర్టును రీసెట్ చేసి, నువ్వెవరో చెప్పమని 64 బైట్ల దాకా అడుగుతుంది. లైనులోని 64 అదే. పరికరం ఇవ్వాల్సిన డిస్క్రిప్టర్, అంటే తన పరిచయ పత్రం, 18 బైట్లే. తయారీదారు నంబరు, ప్రోడక్ట్ నంబరు అందులోనే ఉంటాయి. అవి చేతికొచ్చాకే ఏ డ్రైవర్ తగిలించాలా అని వెతుకులాట. మీ డిస్కు ఆ 18 బైట్లే ఇవ్వలేకపోతోంది, ఇక డ్రైవర్ ఊసెక్కడిది?

మైనస్ పక్కనున్న అంకె చూడకుండా ఏ సలహా పాటించొద్దు. -110 అంటే గడువు దాటినా జవాబు లేదు. ఆ గడువు మామూలుగా 5 సెకన్లు. -71 అంటే జవాబు సరైన రూపంలో అందలేదు, వైరు మీద సిగ్నల్ చెడిపోతోంది. -32 అయితే పరికరమే ఆ అభ్యర్థనను కాదంది. ఒకే లాగ్‌లో (కెర్నల్ రాసిపెట్టే సందేశాల చిట్టాలో) ఓసారి -110, ఓసారి -71 మారిమారి వస్తుంటే నేను కేబుల్‌నీ కరెంటునీ తప్ప ఇంకదేన్నీ అనుమానించను.

హార్డ్‌డిస్క్ విషయంలో ఇది ఎలా జరుగుతుందంటే: యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంప్‌లు, యూఎస్‌బీ 3 పోర్టు 900. పళ్లెం తిరగడం మొదలెట్టే ఒకట్రెండు సెకన్లలో డిస్కు అంతకంటే ఎక్కువ లాగుతుంది. కేబుల్ పొడవైనా, లోపలి తీగ సన్నమైనా దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. డిస్కును యూఎస్‌బీకి కలిపే, పెట్టెలోని బ్రిడ్జ్ చిప్ రీసెట్ అయిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కుమని ఆగి, మళ్లీ తిరగబోయి, మళ్లీ టిక్కుమనడం వినిపిస్తుంది. లాగ్‌లో అదే కథ: డివైస్ నంబరు 5, తర్వాత 6, మధ్యలో ‘అటెంప్ట్ పవర్ సైకిల్’, తర్వాత 7, 8, చివరికి ‘అన్ఏబుల్ టు ఎన్యూమరేట్’, అంటే పరికరాన్ని గుర్తించలేకపోయానని. ఆ ఆఖరి లైను ఒక్కటే కాపీ చేసి ప్రశ్న అడిగేవాళ్లతోనే పెద్ద చిక్కు. పెట్టిన క్షణం నుంచి చేతులెత్తేసే దాకా మొత్తం లాగ్ ఇవ్వండి. టెర్మినల్‌లో లాగ్ చూపించే డీమెసేజ్ కమాండ్‌ని -డబ్ల్యూ ఆప్షన్‌తో (dmesg -w) నడిపి, తర్వాత డిస్కు పెడితే చాలు.

చేయాల్సింది: హబ్ తీసేసి, అర మీటరు లోపు వేరే కేబుల్‌తో నేరుగా మదర్‌బోర్డు వెనక పోర్టులో పెట్టండి. క్యాబినెట్ ముందు పోర్టులు వద్దు, లోపల ఇంకో వైరు ఉంటుంది. అయినా అంతే అయితే సొంత అడాప్టర్ ఉన్న హబ్ మీద పెట్టండి. అక్కడ పనిచేస్తే లోటు కరెంటుదే. అక్కడా రాకపోతే వేరే కంప్యూటర్‌లో చూడండి. అక్కడా అంతే అయితే బ్రిడ్జ్ చిప్పో డిస్కో పోయినట్టే. అన్నట్టు, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే ఎర్రర్ కూడా రాదు. డేటా తీగలే ఉండవు కాబట్టి లాగ్‌లో ఒక్క లైనూ పడదు.

ఈ ఎర్రర్‌కి బూట్ లైన్‌లో (కెర్నల్ మొదలయ్యేటప్పుడు ఇచ్చే సెట్టింగుల్లో) ఆటోసస్పెండ్ -1 పెట్టమని కాపీ పేస్ట్ సలహాలు ఎక్కడ చూసినా ఉంటాయి. అది గుర్తింపు పూర్తయ్యాక ఖాళీగా ఉన్న పరికరాన్ని నిద్రపుచ్చకుండా ఆపుతుంది, అంతే. గుర్తింపే కాని పరికరానికి దానితో పనేముంది? పాత గుర్తింపు పద్ధతినే ముందు వాడమనే ‘ఓల్డ్ స్కీమ్ ఫస్ట్’ సలహా కూడా అలాంటిదే. ఒక పద్ధతి కుదరకపోతే రెండోది కెర్నల్ తనంతట తానే ప్రయత్నిస్తుంది.

డిస్కు కనిపించి, కాపీ చేస్తుండగా మాయమవుతుంటే అది వేరే జబ్బు. లాగ్‌లో ‘యూఏఎస్’ (డిస్కుతో వేగంగా మాట్లాడే పద్ధతి, uas) పేరుతో అబార్ట్ లైన్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్‌లో కనిపించే తయారీదారు, ప్రోడక్ట్ నంబర్లు రెంటినీ యూఎస్‌బీ-స్టోరేజ్ క్వర్క్స్ (usb-storage.quirks) సెట్టింగులో రాసి, చివర ‘యు’ (u) అక్షరం చేర్చండి. వేగం కొంత తగ్గుతుంది, డిస్కు మాత్రం నిలబడుతుంది.