నలభై దాటాక మహిళల రోయింగ్ క్లబ్బులో చేరవచ్చా?

నలభై దాటింది, చిన్నప్పటి నుంచీ ఏ ఆటా ఆడలేదు, ఈత కూడా రాదు, ఫిలడెల్ఫియాలో అంత పాత మహిళల రోయింగ్ క్లబ్బులో మనల్ని కలుపుకుంటారా అని మీరు అడిగారు. నేను ఫిలడెల్ఫియా గర్ల్స్ రోయింగ్ క్లబ్బులో కొన్నేళ్లుగా తెడ్డు వేస్తున్నాను. నిరభ్యంతరంగా చేరండి. వయసు గురించి టెన్షన్ వద్దు. టైముకి రాగలరా లేదా అన్నది మాత్రం ముందే తేల్చుకోండి.

ఎందుకంటే, ఎయిట్ అనే పెద్ద పడవలో ఎనిమిది మంది తెడ్లు వేస్తారు, ఒకరు కాక్స్, అంటే దారి చూసుకుంటూ అందరికీ సూచనలిచ్చే మనిషి. ఒక్కరు రాకపోతే ఆ పడవ కదలదు. అప్పటికప్పుడు చిన్న పడవలకి సర్దుకోవాలి, ఎవరో ఒకరు ఒడ్డున మిగిలిపోతారు. జిమ్‌కి మానేస్తే అడిగేవాళ్లుండరు. ఇక్కడ చీకటితో లేచి, చలిలో వచ్చి, మీ కోసం నిలబడ్డవాళ్లు ఉంటారు. అందుకే మా ఇంట్లో పిల్లల లంచ్ బాక్సుల పని రాత్రే అయిపోతుంది. పొద్దున స్కూల్ బస్సు మా ఆయన బాధ్యత. ఈ ఏర్పాటు కుదిరాకే నాకు రోయింగ్ కుదిరింది.

ఇక కలుపుకోవడం సంగతి. పడవ ఎత్తేటప్పుడే సగం కలిసిపోతారు. ఎయిట్ పొడవు దాదాపు 60 అడుగులు. పోటీ నిబంధనల ప్రకారం బరువు 96 కిలోలకి తగ్గకూడదు. కాక్స్ ‘హ్యాండ్స్ ఆన్’ అనగానే అందరం అంచు పట్టుకుంటాం, మాట ప్రకారం ఒకేసారి తల మీదికి, అక్కణ్నించి భుజాల మీదికి. పొట్టివాళ్ల పక్కన పొడుగువాళ్లు ఉంటే బరువంతా పొడుగువాళ్ల భుజం మీదే పడుతుంది కాబట్టి ఎత్తు చూసి నిలబెడతారు. తిరిగొచ్చాక పడవ కడిగి, పాత తువ్వాళ్లతో అడుగుభాగం కూడా తుడిచి ర్యాక్‌లో పెట్టేదాకా ఎవరూ ఇంటికి కదలరు. డెబ్బై ఏళ్ల ఆవిడా తుడుస్తుంది, నిన్న చేరినమ్మాయీ తుడుస్తుంది. నాకు ఈ క్లబ్బులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఇలా అందరినీ కలుపుకోవడం వెనక చరిత్ర ఉంది. అప్పట్లో షూల్కిల్ నది ఒడ్డున ‘బోట్‌హౌస్ రో’ అనే పడవల క్లబ్బుల వరుసలో ఉన్న క్లబ్బులన్నీ మగవాళ్లవే. ఎర్నెస్టీన్ బేయర్ భర్త 1928 ఒలింపిక్స్‌లో రోయింగ్‌లో రజతం గెలిచాడు. ఆవిడకేమో పడవెక్కే చోటే లేదు. 1938లో ఆవిడా, మరికొందరు ఆడవాళ్లూ కలిసి ఈ క్లబ్బు పెట్టుకున్నారు. ఆ వరుసలో 14వ నంబరు భవనంలోని స్కేటింగ్ క్లబ్బు వేరే చోటికి వెళ్లడంతో ఆ చోటు వీళ్లకి దొరికింది. (ఆ స్కేటింగ్ క్లబ్బు సభ్యులు మంచు విరిగి నీళ్లలో పడ్డవాళ్లని లాగడానికి వెంట తాళ్లు ఉంచుకునేవారట. నాకు భలే ఇష్టమైన సంగతి.) 1967లో ఫ్రాన్స్‌లోని విషీలో జరిగిన యూరోపియన్ పోటీలకి ఇక్కడి ఆడవాళ్లు వెళ్లారు. మహిళల రోయింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1976లో. అడిగి చోటు సంపాదించుకున్నవాళ్ల క్లబ్బు కాబట్టి, కొత్తగా వచ్చి అడిగేవాళ్లని ఇక్కడ చిన్నచూపు చూడరు. నా ఉచ్చారణ గురించి, నా ఊరి గురించి కుతూహలంగా అడిగినవాళ్లున్నారు గానీ, దూరం పెట్టినవాళ్లు లేరు.

కొన్ని పనికొచ్చే మాటలు. రోయింగ్‌లో బలం చేతుల్లోంచి రాదు, కాళ్లలోంచి వస్తుంది. సీటు చక్రాల మీద జరుగుతుంటుంది, కాళ్లతో తన్ని వెనక్కి వెళ్లాలి. అందుకని ఇప్పటినుంచే మెట్లు ఎక్కండి, గుంజిళ్లు తీయండి. వదులు ప్యాంట్లు, పొడవాటి టాప్‌లు వద్దు, సీటు చక్రాల్లో ఇరుక్కుంటాయి. అరచేతుల్లో బొబ్బలు ఖాయం, అయినా గ్లవ్స్ అలవాటు చేసుకోకండి, తెడ్డు తిప్పడం చేతికి తెలియదు. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి.

అన్నిటికన్నా ముందు ఈత. మీరు రాదన్నారు. మనలో చాలామంది ఆడవాళ్ల పరిస్థితి ఇదే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ రోయింగ్ క్లబ్బులు మామూలుగా ఈత పరీక్ష పెడతాయి, పెట్టకపోయినా ఈత రాకుండా నది మీదికి వెళ్లకండి. ఈ చలికాలం దగ్గర్లోని ఇండోర్ పూల్‌లో పెద్దవాళ్ల క్లాసులో చేరండి. వసంతం వచ్చేసరికి కొత్తవాళ్ల శిక్షణకి పేరు ఇవ్వొచ్చు.