జవాబు చెప్పాల్సింది మీ ఆయన

ప్రశ్న: మాది కర్నూలు. దోహాలో ఉద్యోగం చేసేటప్పుడు పరిచయమైన ఇండోనేషియా అబ్బాయిని పెళ్లి చేసుకుని బాండుంగ్ వచ్చాను. వాళ్లు ఇక్కడి సుండా జాతి వాళ్లు. నాకిప్పుడు ఏడో నెల. గారుత్‌లో ఉండే అత్తయ్య ‘నుజుహ్ బులానన్’ అనే ఏడో నెల వేడుక జరిపిస్తానంటున్నారు. ఖురాన్ చదివించి, ఏడు బట్టలు మార్చి మార్చి పూలనీళ్లు పోస్తారట. కాన్పు సులువు కావాలని ఒంటి మీదుగా పాముచేపను జారవిడుస్తారట. మా బావగారు ‘పెర్సిస్’ అనే ముస్లిం సంస్థ మనిషి. ఇదంతా బిద్‌అత్ (మతంలో లేని కొత్త కల్పన), చేస్తే గడప తొక్కనంటున్నారు. మా ఆయన ‘నీ ఇష్టం’ అని ఊరుకున్నారు. ఇది ఇస్లాంలో తప్పా?

జవాబు: తప్పో ఒప్పో తేల్చడానికి నేను ముఫ్తీని కాను. అంత తేలిగ్గా తేలేదైతే అక్కడి మతపండితులైన ఉలమాలే ఎప్పుడో తేల్చేవారు. పెర్సిస్ 1923లో మీరున్న బాండుంగ్‌లోనే పుట్టింది. ఖురాన్, హదీసుల్లో లేనిది మతంలో చేర్చకూడదని వాళ్ల పట్టు. 1926లో మొదలైన నహ్దతుల్ ఉలమా అనే మరో ముస్లిం సంస్థ వాళ్లు ఇలాంటి వేడుకలో దువా (ప్రార్థన) చేసి నలుగురికి అన్నం పెడితే మంచిదే కదా అంటారు. ఏడో నెలలో యూసుఫ్, మర్యమ్ సూరాలు చదివించడం వాళ్లకు మామూలే. అయితే పాముచేపే కాన్పు చేయిస్తుందని నమ్మితే వాళ్లూ ఒప్పుకోరు. అయినా మన వైపు ముస్లిం ఇళ్లలో ఏడో నెలలో సత్వాసా అనే వేడుక చేయరా? అప్పుడెవరైనా ఫత్వా అడుగుతారా?

ఇంత ఉత్తరంలో మీ ఆయన గురించి ఒక్క వాక్యమే రాశారు. నన్ను పట్టుకున్నది అదే.

‘నీ ఇష్టం’ అట! కొత్త దేశంలో, కడుపుతో ఉన్న మనిషిని తల్లికీ అన్నకీ మధ్య నిలబెట్టి తాను తప్పుకున్నాడు. వేడుక చేస్తే బావగారి కోపం మీ మీద. మానేస్తే, ఎక్కడి నుంచో వచ్చిన కోడలు ఆచారం చెడగొట్టిందని చుట్టాల మాటలు మీ మీద. ఆయన మాత్రం ఇద్దరికీ మంచివాడే! తల్లితో కొడుకు చెప్పాల్సిన మాట కోడలి చేత చెప్పించే మగవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆ అన్నాతమ్ముళ్ల మధ్య ఈ గొడవ మీరు రాకముందూ ఉండే ఉంటుంది. అన్న ముందు నోరెత్తలేని తమ్ముడికి మీ కడుపు అడ్డం దొరికింది.

ఈ ఆదివారం ఆయన్ని గారుత్ తీసుకెళ్లండి. మీరు పక్కన కూర్చోండి, మాట్లాడేది ఆయన. ఏం ఉంచాలో, ఏం మానాలో తల్లితో ఆయనే తేల్చుకోవాలి. అన్నకు ఫోన్ చేయాల్సిందీ ఆయనే. “నీ భార్య ఏమంటోంది?” అని అన్న అడిగితే, “నేనంటున్నాను” అనాలి.

పాముచేప సంగతి మాత్రం అత్తయ్యకు మీరే చెప్పండి. అది మీ ఒళ్లు. భయమేస్తే వద్దనండి. పిల్లల్ని కన్న ఆవిడే, అర్థం చేసుకుంటారు. ఆ రోజు చేసే రుజక్ మాత్రం వదలకండి. పళ్లు, బెల్లం, మిరపకాయ... ఏడో నెలలో అంతకంటే ఏం కావాలి! బావగారు రాకపోతే ఆయన వాటా మీ ఆయన చేతికే ఇచ్చి పంపండి. తింటారో, తిప్పి పంపుతారో వాళ్లిద్దరూ చూసుకుంటారు.