అమెరికాలో కాల్పులు జరిగినప్పుడల్లా వచ్చే సందేహం: అక్కడిలా కోనసీమలోనూ తుపాకీ కొనుక్కునే హక్కు ఉందా?

లేదు, మన దేశంలో తుపాకీ హక్కు కాదు, 1959 ఆయుధాల చట్టం కింద ప్రభుత్వం ఇచ్చే అనుమతి మాత్రమే. అమెరికాలో 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ దాన్ని హక్కు చేసింది. అందుకే అక్కడ ఎంత ఘోరం జరిగినా, కొత్త ఆంక్ష పెట్టగానే గొడవ కోర్టుకెక్కుతుంది.

ఇక్కడ అమలాపురం రైతు ఒకాయన రొయ్యల చెరువు కాపలాకని లైసెన్స్ అడిగాడనుకోండి. పోలీసులు విచారించి నివేదిక ఇవ్వాలి, కారణం చాలదనిపిస్తే అధికారులు కాదనవచ్చు. ఇచ్చినా, ఎన్నికలొస్తే తుపాకీని స్టేషన్‌లో జమ చేయమంటారు. నా దృష్టిలో ఈ కట్టుదిట్టం అవసరమే.

ఆత్మరక్షణ హక్కు ఉంది కాబట్టి తుపాకీ హక్కూ ఉన్నట్టేనని చాలామంది పొరబడతారు. దాడిని ఎదుర్కొనే హక్కునే చట్టం ఇచ్చింది. తాతగారి తుపాకీ అయినా, మన పేరిట లైసెన్స్ లేకుండా ఇంట్లో ఉంచుకుంటే నేరమే.