పాఠకుల ప్రశ్నలు: థాంప్సన్ 'అల్లెలూయా'

ప్రశ్న: మా చర్చి క్వయర్ ఈస్టర్‌కి అమెరికా స్వరకర్త ర్యాండల్ థాంప్సన్ 'అల్లెలూయా' నేర్చుకుంటోంది. స్తుతి పాటే కదా, నోట్స్ మీద 'లెంటో' (నెమ్మదిగా) అని ఎందుకుంది? హుషారుగా పాడితే తప్పా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: తప్పే. 1940లో అమెరికాలోని టాంగిల్‌వుడ్‌లో బర్క్‌షైర్ మ్యూజిక్ సెంటర్ ప్రారంభానికి ఘనమైన పాట కావాలని బోస్టన్ సింఫనీ సంచాలకుడు సెర్గీ కూసెవిట్స్కీ అడిగారు. ఆ జూన్‌లోనే ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది. ఆ వార్తల నడుమ ఆర్భాటంగా రాయడానికి థాంప్సన్‌కు మనసొప్పలేదు. జూలై మొదటి ఐదు రోజుల్లో దీన్ని రాశారు. 8న ప్రారంభం; గాయకుల చేతికి ప్రతులు అందింది ముక్కాలు గంట ముందు! ఇందులోని స్తుతి, బైబిలులో అన్నీ పోగొట్టుకున్న యోబు పలికిన స్తుతి లాంటిదని ఆయనే చెప్పారు: 'యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక.' 'అల్లెలూయా', చివరి 'ఆమెన్' తప్ప వేరే మాట లేదు కాబట్టి భావమంతా నడకలోనే పలకాలి.

ప్రశ్న: సగానికి వచ్చేసరికి శ్రుతి దిగిపోతోంది. ఏం చేయాలి?
– అదే పాఠకురాలు

జవాబు: వాద్యం లేదు, నెమ్మది, మెల్లని గొంతు. ఊపిరి పట్టు సడలగానే శ్రుతి జారుతుంది. మొదట జారేది డి మేజర్‌లోని ఎఫ్ షార్ప్, అంటే మన అంతర గాంధారం. సాధనలో మొదటి పుట పాడేటప్పుడు శ్రుతిపెట్టె డి మీద ఉంచండి. స్వరాలు వేరే స్థాయికి మళ్లే మధ్యభాగంలో ఆపేయండి. కొన్నాళ్లు అరస్వరం పైన సాధన చేయడమూ మంచిదే. ఒకే గాత్రంలో (సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్‌లలో ఒక విభాగంలో) పక్కపక్కవాళ్లు ఒకే చోట ఊపిరి తీసుకోకూడదు. ఎవరెక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. నాలుగు గాత్రాలూ కొన్నిచోట్ల మళ్లీ చీలతాయి కాబట్టి గాత్రానికి కనీసం నలుగురుండాలి. ఇంకో పొరపాటు: పతాకస్థాయి చివరికి దగ్గర్లో ఉంది. ముందే గొంతెత్తితే అక్కడికి బలం మిగలదు.

కష్టమనిపిస్తే ఆయనదే 'ద లాస్ట్ వర్డ్స్ ఆఫ్ డేవిడ్' (1949) చూడండి. పియానో తోడుంటుంది, శ్రుతి భయం తక్కువ.

ప్రశ్న: జిరాక్స్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దు. థాంప్సన్ 1984లో కన్నుమూశారు; ఈ పాట మీద హక్కులు ఇంకా ఉన్నాయి. మనిషికో ప్రతి కొనండి.

ప్రశ్న: ఆయన పాదిరా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కాదు, అధ్యాపకుడు. 1899లో న్యూయార్క్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో చదివేటప్పుడు గ్లీ క్లబ్ (విద్యార్థుల గాయక బృందం) గాయకుడిగా ఆయన్ని తీసుకోలేదు. అదే హార్వర్డ్‌లో 1948 నుంచి 1965 దాకా ప్రొఫెసర్. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో లెనార్డ్ బెర్న్‌స్టీన్ ఆయన శిష్యుడే. యెషయా గ్రంథం మీద 'ద పీసబుల్ కింగ్‌డమ్' (1936), లూకా సువార్త మీద రెండు పెద్ద రచనలు చేశారు. ముందు 'పీసబుల్ కింగ్‌డమ్' వినండి. బైబిలు వాక్యం నడకను ఆయన ఎంత శ్రద్ధగా పట్టుకున్నారో అందులో తెలుస్తుంది.