పార్ట్‌నర్ పేరు అద్దె అగ్రిమెంట్‌లో చేర్చాలా? పేరు లేకుండానూ ఉన్నాను, పేరు చేర్చానూ

అద్దె ఇల్లు మీ పేరు మీద ఉంది, వచ్చే నెల మీ పార్ట్‌నర్ వచ్చి మీతో ఉండబోతున్నారు, అగ్రిమెంట్‌లో పేరు ఎక్కించాలా, ఊరికే ఉంటే సరిపోదా అని అడిగారు. ఎక్కించండి. అయితే ఏ హోదాలో ఎక్కిస్తున్నారో తెలుసుకుని చేయండి.

మొదటిసారి ఆ పేరు లేని మనిషిని నేనే. అద్దె అగ్రిమెంట్ అప్పటి నా పార్ట్‌నర్ పేరు మీద ఉంది. ఏడాదిన్నర పాటు నెలనెలా సగం అద్దె అతని చేతిలో నగదుగా పెట్టాను, అడ్వాన్స్‌లో సగం కూడా ఇచ్చాను. ఇద్దరం బాగున్నన్నాళ్ళూ కాగితం సంగతి నాకు తట్టనే లేదు. మాకు పొసగక విడిపోయినప్పుడు తెలిసింది, ఓనర్ లెక్కలో నేను ఇంటికొచ్చిన చుట్టాన్ని. అక్కడ ఉండే హక్కు లేదు, ఇచ్చిన డబ్బుకు రుజువు లేదు. కొత్త ఇల్లు చూసుకోబోతే ఇంతకు ముందు ఎక్కడ అద్దెకున్నారో చూపించమన్నారు. ఏం చూపించను? నేను కొన్న గిన్నెల్ని ఒక్కొక్కటే పాత పేపర్లో చుట్టి అట్టపెట్టెలో సర్దుకున్న ఆ సాయంత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

రెండోసారి అగ్రిమెంట్ నా పేరు మీద, వచ్చేది కొత్త పార్ట్‌నర్. ఈసారి అగ్రిమెంట్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. బయటివాళ్ళు వరుసగా ఎన్ని రోజులు ఉండొచ్చో అందులో ఒక క్లాజు ఉంది, అది దాటితే ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలట. మీ దాంట్లోనూ అలాంటిది ఉందేమో చూడండి. చెప్పకుండా ఉంచుకుంటే, ఖాళీ చేయించడానికి ఓనర్ చేతికి మనమే ఒక కారణం అందించినట్టవుతుంది. నేను మా ఓనర్‌కి ముందు మెయిల్ పెట్టి, తర్వాత ఫోన్ చేశాను. ఆవిడ ఒక్కటే అడిగారు: "ఇంట్లో ఉండే మనిషిగా రాయాలా, అద్దెదారుగా రాయాలా?"

అసలు తేల్చుకోవాల్సింది ఇదే. ఉండే మనిషిగా రాస్తే తనకు అక్కడ ఉండటానికి అనుమతి ఉంటుంది, అంతే. అద్దె బాధ్యత మొత్తం మీదే, మీరు ఖాళీ చేస్తే మామూలుగా తనూ వెళ్ళాల్సిందే. అద్దెదారుగా సంతకం పెడితే మీతో సమానం. రేపు ఎంత గొడవైనా "నా ఇంట్లోంచి వెళ్ళిపో" అనే మాట ఇక చెల్లదు. పైగా చాలా అగ్రిమెంట్లలో "ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు" అని ఉంటుంది. సగం సగం అన్నది మీ ఇద్దరి మధ్య మాట మాత్రమే. తను ఒక నెల కట్టకపోతే ఓనర్ మొత్తం అద్దె మిమ్మల్నే అడగొచ్చు, మీరు కట్టకపోతే తననీ అడగొచ్చు.

కలిసి ఉండటం మీకు కొత్తయితే మొదట ఉండే మనిషిగా రాయించి, రెన్యువల్ అప్పుడు అద్దెదారుగా మార్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. మధ్యలో మార్చాలంటే అదనపు ఒప్పందమో కొత్త అగ్రిమెంటో రాసి ముగ్గురూ సంతకాలు పెట్టాలి. తన ఆదాయం, పాత అద్దె వివరాలు ఓనర్ అడగొచ్చు. కొత్తది రాస్తే అద్దె, గడువు కూడా మారి ఉండొచ్చు, చదవకుండా సంతకం పెట్టకండి. ఈలోగా తను ఇచ్చే వాటా మాత్రం బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఆ రుజువు మీకు అక్కర్లేకపోవచ్చు, తనకు కావాలి.

అడ్వాన్స్ సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఎవరు ఎంత పెట్టారన్నది చాలామంది ఓనర్లు పట్టించుకోరు, ఇల్లు ఖాళీ అయినప్పుడు మిగిలింది ఇచ్చేస్తారు. మేం ఒక రాత్రి భోజనాలయ్యాక తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాం. ఎవరి డబ్బు ఎంత, విడిపోతే ఇంట్లో ఎవరుంటారు, వెళ్ళేవాళ్ళకు ఎన్ని రోజుల టైమ్, వాళ్ళ వాటా ఎప్పుడిచ్చేయాలి, ఇవన్నీ రాసుకున్నాం. "విడిపోతే" అని రాయబోయి అతను పెన్ను కింద పెట్టేశాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. అప్పుడు నేను ఆ గిన్నెల సంగతి చెప్పాను. అతనే మళ్ళీ పెన్ను తీసుకుని ఆ వాక్యం పూర్తి చేశాడు. అప్పటికే గోడల మీద, బాత్రూంలో ఉన్న మరకలకు ఫోటోలు తీసి ఓనర్‌కి పంపాం, పాత దెబ్బలు కొత్తగా వచ్చినవాళ్ళ ఖాతాలో పడకుండా.

ఇంకొకటి. అద్దెదారుగా పేరు ఎక్కాక, ఇల్లు వదిలి వెళ్ళిపోయినంత మాత్రాన ఆ పేరు పోదు. ఓనర్ ఒప్పుకుని రాతలో తీసేసేదాకా ఆ అద్దెకు తనూ బాధ్యులే. పేరు చేర్చే రోజునే, తీసేయాలంటే ఏం చేయాలో, ఎన్నాళ్ళ ముందు నోటీసివ్వాలో ఓనర్‌ని అడిగి మెయిల్‌లో రాయించుకోండి.