నవ్వు ఎవరి మీద పడుతోంది?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 'హౌ టు మర్డర్ యువర్ వైఫ్' (1965) ఆడవాళ్ళని కించపరిచే సినిమా అని మొదటి పేరాలోనే తేల్చేశావు, మిగతా మూడు పేజీల్లోనూ అదే మాట. తప్పని అనను. కానీ ఆ మాట పోస్టర్ చూసినవాడు కూడా అంటాడు కదా. సినిమా చూసినవాడికే తెలిసే సంగతి ఒక్కటైనా రాయాలి.

ఆ కోర్టు సీను తీసుకో. జాక్ లెమన్‌ది స్టాన్లీ ఫోర్డ్ అనే కార్టూనిస్టు పాత్ర. పార్టీలో కేకులోంచి బయటికొచ్చిన ఇటాలియన్ అమ్మాయిని తాగిన మత్తులో పెళ్ళాడతాడు, తర్వాత తన కామిక్‌లో హీరో చేత పెళ్ళాన్ని చంపించి కాంక్రీటులో పూడ్పిస్తాడు, ఆమె అది చూసి చెప్పకుండా వెళ్ళిపోతే ఇతని మీద హత్య కేసు. ఇతగాడు నేను చంపలేదు అని మొత్తుకోవాలా వద్దా? అది మానేసి, చంపాను, చంపడం న్యాయమే అంటాడు! తన లాయర్‌నే బోనెక్కించి, ఒక బటన్ బొమ్మ గీసి, ఇది నొక్కితే నీ భార్య మాయమైపోతుంది, నొక్కుతావా అని ఊరిస్తాడు. జ్యూరీలో అందరూ మగవాళ్ళే. వదిలేస్తారు, పైగా సంబరం.

ఆ గదిలో లేనిది ఒక్క ఆమే. ఆమె (వీర్నా లీసీ) మనకి పరిచయమయ్యేటప్పటికి ఇంగ్లిష్ కూడా రాదు, పేరు మిసెస్ ఫోర్డ్, అంతే. ఇంతమంది ఆమె గురించి మాట్లాడుతుంటే ఆమెకి మాట లేదు. ఇది నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఇంకోటి. 'ఆ కాలం అలాంటిది' అని చివర్లో సర్దుబాటు చేశావు చూడు, అది కొట్టెయ్. అంతకు 17 ఏళ్ళ ముందే, 1948లో, ప్రెస్టన్ స్టర్జెస్ 'అన్‌ఫెయిత్‌ఫుల్లీ యువర్స్' తీశాడు. అందులో రెక్స్ హారిసన్‌ది ఆర్కెస్ట్రా కండక్టర్ పాత్ర, భార్య మీద అనుమానం. కచేరీలో మూడు సంగీత రచనలు, ఒక్కోదానికి తలలో ఒక్కో పగటికల. మొదటిదాంట్లో భార్యని చంపి నేరం ఇంకొకడి మీదికి నెడతాడు, ఒక్క పొరపాటు లేకుండా. ఇంటికొచ్చి నిజంగా మొదలుపెడితే కుర్చీలు విరుగుతాయి, రికార్డింగ్ మిషన్ మాట వినదు, మహానుభావుడు చెమటలు కక్కుతాడు. భార్య తప్పేమీ లేదు. ఇక్కడ నవ్వంతా మొగుడి మీదే. (అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోకు, కథంతా అతని బుర్రలోనే నడుస్తుంది, ఆమె మనసులో ఏముందో ఇక్కడా మనకి దక్కదు.)

రెండూ పెళ్ళాన్ని చంపాలనుకునే మొగుడి కథలే, రెండూ హాలీవుడ్‌వే. ఒకటి మనల్ని జ్యూరీలో కూర్చోబెట్టింది, ఇంకోటి మొగుడికి అద్దం పట్టింది. కాలాన్ని తిట్టి ఊరుకుంటే ఈ తేడా రాయడం కుదరదు.

నిజం చెప్పనా, ఆ బటన్ దగ్గర నేను నవ్వాను. పకపకా నవ్వి, పక్కనే కూర్చున్న మీ వదిన నవ్వట్లేదని ఆలస్యంగా చూసుకున్నాను. ఈ సినిమా మీద నేనెప్పుడైనా రాస్తే అక్కడే మొదలుపెడతాను. నువ్వు మాత్రం ఎక్కడా నవ్వనివాడిలా రాశావు, నేను నమ్మలేదు.

మళ్ళీ చూసి, ఆ సీనులో నీకేమైందో ముందు రాసి పంపు. తీర్పు తర్వాత చూద్దాం.

మీ అన్నయ్య